రేడియేషన్ టెక్నాలజిస్టు ఉద్యోగం: ఏ చదువు చెల్లుతుంది, ఎందుకు చెల్లుతుంది

ఇంటర్ ఫలితాలు వెలువడే రోజుల్లో విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య గోడల మీద పారామెడికల్ కోర్సుల ప్రకటనలు వెలుస్తాయి. నీట్‌లో సీటు రాని బైపీసీ విద్యార్థుల ఇళ్లలో ఆ సమయంలో జరిగే చర్చల్లో ‘రేడియాలజీ కోర్సు’ అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఆ ఒక్క మాట కింద ఆరు నెలల సర్టిఫికెట్, రెండేళ్ల డిప్లొమా, మూడు నాలుగేళ్ల డిగ్రీ అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఫీజులో తేడా వెంటనే తెలుస్తుంది కానీ, చదువులో తేడా ఏమిటో, ఐదేళ్ల తర్వాత దాని ఫలితం ఎలా ఉంటుందో ప్రకటన చూసినవారికి తెలిసే అవకాశం లేదు. పైగా ఈ వృత్తిని మొదటిసారిగా జాతీయ స్థాయిలో నియంత్రించే 2021 చట్టం ఇప్పుడు క్రమంగా అమలులోకి వస్తోంది. దానివల్ల పాత కోర్సులు చెల్లుతాయా, కొత్తవి ఎక్కడ చదవాలి అనే అనుమానాలు మరింత పెరిగాయి.

క్లుప్తంగా చెప్పాలంటే: మిషన్లు ఎంత ఆధునికమవుతున్నా, రోగి శరీరంలోకి ఎంత రేడియేషన్ వెళ్లాలన్నది చాలావరకు వాటిని నడిపే టెక్నాలజిస్టు నిర్ణయం మీదే ఆధారపడుతుంది. కొత్త చట్టం గంటల లెక్కన శిక్షణను నిర్దేశించి, రిజిస్టరులో పేరు ఉండాలని చెప్పడానికి కారణం అదే. గుర్తింపు లేని స్వల్పకాలిక కోర్సులకు, దూరవిద్యకు ఈ రంగంలో భవిష్యత్తు లేదు. ప్రారంభ జీతం తక్కువగా ఉండటానికి జాతీయ నమోదు వ్యవస్థ ఇంతకాలం లేకపోవడం ఒక ముఖ్య కారణం. రేడియేషన్ గురించి కుటుంబాల్లో ఉన్న భయంలో చాలా భాగానికి కొలతల ఆధారం లేదు.

ఒకే పేరు కింద నాలుగు పనులు

కెనడాలో ఈ వృత్తిని నాలుగు శాఖలుగా గుర్తించారు: ఎక్స్‌రే, సీటీలతో కూడిన రేడియోగ్రఫీ, ఎమ్మారై, న్యూక్లియర్ మెడిసిన్, క్యాన్సర్ రోగులకు ఇచ్చే రేడియేషన్ చికిత్స. మన దగ్గర పేర్లు వేరైనా పనుల విభజన దాదాపు ఇదే. చదువు ఎంచుకునేవారు ముందుగా గమనించవలసిన విషయం ఏమిటంటే, ఈ నాలుగింటిలో ఒకదానిలో సంపాదించిన నైపుణ్యం మరొకదానిలోకి నేరుగా పనికిరాదు.

ఎక్స్‌రే, సీటీలలో రోగితో గడిపే సమయం నిమిషాల్లో ఉంటుంది. జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగి అర్ధరాత్రి వచ్చిన క్షతగాత్రుడిని మెడ కదలకుండా సీటీ బల్ల మీదికి చేర్చడం, పక్షవాతం లక్షణాలతో వచ్చిన వ్యక్తి మెదడులో రక్తస్రావం ఉందో లేదో తెలిపే చిత్రాన్ని వెంటనే తీయడం ఇందులో భాగం. చిత్రం స్పష్టంగా రావడానికి వాడే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చే ముందు కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ చూశారా, గతంలో అలర్జీ వచ్చిందా అని అడగవలసిన బాధ్యత కూడా ఇక్కడే ఉంటుంది. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ వ్యాధి ఎంతగా విస్తరించిందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అలాంటి చోటి నుంచి వచ్చిన రోగి విషయంలో ఆ ప్రశ్నను మర్చిపోతే జరిగే నష్టం చిన్నది కాదు.

క్యాన్సర్ చికిత్స విభాగం దీనికి పూర్తిగా భిన్నం. జనం ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే ఈ చికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలపాటు సాగుతుంది. రోజుకు 2 గ్రే (చికిత్సలో రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) చొప్పున ఇచ్చే పద్ధతిలో ఐదు నుంచి ఏడు వారాలు పట్టడం మామూలే. అన్ని రోజులూ రోగిని బల్ల మీద అదే భంగిమలో, మిల్లీమీటర్ల తేడాతో పడుకోబెట్టే వ్యక్తి టెక్నాలజిస్టు. మెడ, గొంతు క్యాన్సర్ రోగులకు తలను కదలనివ్వకుండా ప్లాస్టిక్ మాస్కు బిగిస్తారు. తిండి తగ్గి రోగి బరువు కోల్పోతే మాస్కు వదులవుతుంది, దాంతో కిరణాలు పడవలసిన చోటు మారే ప్రమాదం ఉంటుంది. ఆ మార్పును రోజూ చూసే టెక్నాలజిస్టే మొదట పసిగట్టి డాక్టరుకూ, మోతాదు లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్టుకూ చెప్పాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రం వంటివి వచ్చాక జిల్లా స్థాయిలోనూ ఈ ఉద్యోగాలకు చోటు ఏర్పడింది. అయినా రేడియాలజీ అంటే ఎక్స్‌రే ఒక్కటే అనుకుని ఈ శాఖను పట్టించుకోని విద్యార్థులే ఎక్కువ.

న్యూక్లియర్ మెడిసిన్‌లో రేడియేషన్ మిషన్ నుంచి రాదు, రోగికి ఎక్కించిన మందు నుంచే వస్తుంది. ఇక్కడ గడియారమే ప్రధానం. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 సగానికి తగ్గడానికి సుమారు 110 నిమిషాలు పడుతుంది. హైదరాబాద్‌లో తయారైన మందు రోడ్డు మార్గంలో ఐదు గంటలకు విజయవాడ చేరితే, బయల్దేరినప్పుడు ఉన్న శక్తిలో ఏడో వంతుకు కాస్త ఎక్కువగా మాత్రమే మిగులుతుంది. ఒక్క రోగి ఆలస్యంగా వస్తే తర్వాతి వారందరి మోతాదు లెక్కలు మారిపోతాయి. ఎముకల స్కాన్లకు వాడే టెక్నీషియం-99ఎమ్ సగానికి తగ్గడానికి ఆరు గంటలు పడుతుంది కనుక ఒత్తిడి కొంత తక్కువ.

డోసు ఎవరి చేతిలో ఉంటుంది

1895 నవంబరు 8న రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నప్పటి నుంచి ఈ పనిలో మారని సూత్రం ఒకటే. కిలోవోల్టేజి కిరణాలకు చొచ్చుకుపోయే శక్తినిస్తుంది, మిల్లీయాంపియర్-సెకన్లు వాటి పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. రోగి లావు సన్నాలను, తీయవలసిన భాగాన్ని, ఆ భాగం దాటి కిరణాలు పడకుండా ఎంత మేర కుదించాలన్నదాన్ని చూసి ఈ అంకెలను సరిచేయడమే టెక్నాలజిస్టు అసలు పని. డాక్టరు చీటీ మీద ‘ఛాతీ ఎక్స్‌రే’ అని రాస్తారు. ఎంత కిరణం, ఎంత మేర, ఎన్నిసార్లు అన్నది చీటీలో ఉండదు.

ఫిల్ము వాడిన రోజుల్లో తప్పు దానంతట అదే బయటపడేది. మోతాదు ఎక్కువైతే ఫిల్ము నల్లబడేది, తక్కువైతే తెల్లగా పాలిపోయేది. డార్క్‌రూమ్‌లోంచి ఫిల్ము బయటికి వచ్చేసరికి తీసినవారికి తమ అంచనా ఎంత తప్పిందో తెలిసిపోయేది. డిజిటల్ పద్ధతి వచ్చాక ఈ హెచ్చరిక మాయమైంది. మోతాదు రెండింతలైనా సాఫ్ట్‌వేరు వెలుగును సర్ది చక్కని చిత్రాన్నే చూపుతుంది. ఇంకా చెప్పాలంటే, మోతాదు పెరిగేకొద్దీ చిత్రంలో గరుకుదనం తగ్గి అది మరింత శుభ్రంగా కనిపిస్తుంది. మోతాదు తక్కువైన చిత్రాన్నే దాన్ని చదివే డాక్టరు, అంటే రేడియాలజిస్టు, తిప్పి పంపుతారు. ఎక్కువైన చిత్రం మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. ఫలితంగా రోజులు గడిచేకొద్దీ ఆ గదిలో వాడే అంకెలు తెలియకుండానే పైకి పాకుతాయి. ప్రపంచవ్యాప్తంగా డిజిటల్ ఎక్స్‌రే గదుల్లో గమనించిన ధోరణి ఇది. దీన్ని అడ్డుకోగలిగేది ఎంత కిరణం అందిందో సూచిస్తూ చిత్రం పక్కన కనిపించే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అనే అంకెను చదవడం తెలిసిన వ్యక్తి మాత్రమే. బటన్ నొక్కడం ఎవరైనా వారంలో నేర్చుకోవచ్చు కానీ, ఆ అంకెకు అర్థం తెలియాలంటే భౌతికశాస్త్రం కావాలి. స్వల్పకాలిక కోర్సుల్లో కోత పడేది సరిగ్గా అక్కడే.

సీటీలో ఈ తేడా మరింత పెద్దది. పెద్దవారికి తీసే ఒక ఛాతీ ఎక్స్‌రేలో అందే రేడియేషన్ సుమారు 0.02 మిల్లీసీవర్టులు (శరీరానికి అందిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). పొట్ట సీటీలో అది దాదాపు 8 మిల్లీసీవర్టుల వరకు ఉంటుంది, అంటే 400 రెట్లు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి సహజంగా ఏటా అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. ఆ లెక్కన ఛాతీ ఎక్స్‌రే మూడు రోజుల సహజ రేడియేషన్‌కు, పొట్ట సీటీ మూడేళ్లకు పైగా అందే రేడియేషన్‌కు సమానం. కాంట్రాస్ట్‌కు ముందొకసారి, తర్వాత రెండుసార్లు తీస్తే ఆ మేరకు మోతాదు పెరుగుతూ పోతుంది. అవసరమైన దశలేవో డాక్టరును అడిగి తెలుసుకోవడం, పిల్లవాడు బల్ల మీద ఉన్నప్పుడు పెద్దల ప్రోటోకాల్‌ను మార్చడం టెక్నాలజిస్టు చేతిలో ఉన్న పనులు. పిల్లల కణాలు వేగంగా విభజన చెందుతాయి, వారి ముందు జీవితకాలం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల అదే మోతాదు వారికి ఎక్కువ ప్రమాదకరం.

ఉద్యోగికి ఉన్న ప్రమాదం ఎంత

ఈ చదువు వద్దనడానికి ఇళ్లలో చెప్పే మొదటి కారణం రేడియేషన్, ముఖ్యంగా అమ్మాయిల విషయంలో. పెళ్లి, పిల్లలు అనే ఆలోచనతో ముడిపడిన ఈ భయాన్ని కొట్టిపారేయడం సరికాదు. దాన్ని కొలతల పక్కన పెట్టి చూడాలి.

దేశంలో రేడియేషన్ భద్రతను చూసేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. దాని నిబంధన ప్రకారం రేడియేషన్‌తో పనిచేసే ఉద్యోగికి ఐదేళ్ల సగటున ఏటా 20 మిల్లీసీవర్టులు మించకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అంతర్జాతీయ సిఫార్సులో ఒక ఏడాది గరిష్ఠం 50 వరకు ఉంటే, భారత్ దాన్ని మరింత బిగించింది. సాధారణ ప్రజలకు పరిమితి ఏటా 1 మిల్లీసీవర్టు. ఉద్యోగిని గర్భవతి అని తెలియజేసిన తర్వాత, గర్భస్థ శిశువుకు అందేది మిగిలిన కాలమంతా కలిపి 1 మిల్లీసీవర్టుకు మించకుండా డ్యూటీ మార్చాలి. ఆ కారణంతో ఉద్యోగం నుంచి తీసేయడానికి వీల్లేదు.

ఆచరణలో ఎక్స్‌రే, సీటీ గదుల్లో పనిచేసేవారి సగటు మోతాదు ఈ పరిమితులకు ఎంతో దిగువన, ఏటా 1 మిల్లీసీవర్టు లోపే ఉంటుంది. కారణం సులభం: మిషన్ ఆన్ అయినప్పుడు టెక్నాలజిస్టు గదిలో ఉండడు, సీసం పూసిన గోడ, సీసపు అద్దం వెనక ఉంటాడు. స్విచ్ ఆపిన మరుక్షణం ఎక్స్‌కిరణాలు ఉండవు, గదిలో ఏమీ మిగలదు. నిజంగా జాగ్రత్త ఎక్కువ కావలసింది గుండె రక్తనాళాలకు చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్‌లో, ఎముకల ఆపరేషన్లలో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం వాడేటప్పుడు, న్యూక్లియర్ మెడిసిన్‌లో. అక్కడ కిరణాలు వెలువడుతున్నప్పుడే సిబ్బంది పక్కన నిలబడతారు. రోగి శరీరాన్ని తాకి చెదిరే కిరణాలే వారికి అందే రేడియేషన్. దూరం రెట్టింపైతే అది నాలుగో వంతుకు తగ్గుతుంది. ఒక్క అడుగు వెనక్కి వేయడానికి ఉన్న విలువ ఈ లెక్కలో ఉంది. లెడ్ ఏప్రాన్ బరువుగా ఉందని పక్కన పెట్టేవారు, ఏప్రాన్‌ను మడతపెట్టి లోపలి సీసం పగిలేలా చేసేవారు ఉన్నంతకాలం ఈ జాగ్రత్తలు మళ్లీమళ్లీ చెప్పక తప్పదు.

ఈ మోతాదును లెక్కగట్టే సాధనం ఛాతీ మీద, ఏప్రాన్ లోపల ధరించే టీఎల్‌డీ బ్యాడ్జి. అందులోని కాల్షియం సల్ఫేట్ బిళ్లలు రేడియేషన్ శక్తిని నిల్వ చేసుకుని, వేడి చేసినప్పుడు ఆ మేరకు వెలుగునిస్తాయి. ఎక్స్‌రే విభాగాల బ్యాడ్జీలను మూడు నెలలకోసారి ప్రయోగశాలకు పంపి కొలిపిస్తారు. బ్యాడ్జి పేరు మీద వచ్చే రికార్డు ఉద్యోగి జీవితకాలపు ఆరోగ్య పత్రం వంటిది. అందువల్ల ఒక సెంటరు ఉద్యోగంలో చేరమన్నప్పుడు జీతంతోపాటు అడగవలసిన ప్రశ్న బ్యాడ్జి ఎప్పుడు ఇస్తారన్నది. బ్యాడ్జి ఇవ్వని చోట మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే అసలు ప్రమాదం.

ఇంటర్ పూర్తిచేసిన వెంటనే చేరేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. 18 ఏళ్లు నిండనివారిని రేడియేషన్ ఉద్యోగిగా నియమించకూడదు. 16 నుంచి 18 ఏళ్ల మధ్య శిక్షణలో ఉన్నవారికి వర్తించే పరిమితి ఏటా 6 మిల్లీసీవర్టులు మాత్రమే. పదిహేడేళ్ల విద్యార్థిని మొదటి నెలలోనే ఒంటరిగా నైట్ డ్యూటీకి వేసే కేంద్రం శిక్షణ ఇస్తున్నట్లు కాదు.

ఒకే విభాగం మీద మూడు చట్టాలు

అయోమయానికి మూలం ఇక్కడ ఉంది. స్కానింగ్ సెంటరు తలుపు మీద ఒకే బోర్డు ఉన్నా, లోపలి గదులు వేర్వేరు చట్టాల కిందికి వస్తాయి.

ఎక్స్‌రే, సీటీ, రేడియేషన్ చికిత్స, న్యూక్లియర్ మెడిసిన్ 1962 అణుశక్తి చట్టం కింద వచ్చిన 2004 రేడియేషన్ రక్షణ నియమాల పరిధిలో ఉంటాయి. మిషన్‌కు అనుమతి, గది నిర్మాణం, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు నియామకం, నడిపే వ్యక్తి అర్హత వీటికి లోబడే ఉండాలి. ఈ అనుమతులన్నీ ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా జరుగుతాయి.

అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు కానీ, లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం దాన్ని అర్హత గల డాక్టర్లకే పరిమితం చేసింది. అమెరికా, ఆస్ట్రేలియాలలో సోనోగ్రాఫర్ అనేది డాక్టరు కానివారికి దొరికే మంచి ఉద్యోగం. మన దేశంలో గర్భిణుల స్కానింగ్‌ను టెక్నీషియన్ చేస్తే నేరం. ‘అల్ట్రాసౌండ్ కూడా నేర్పిస్తాం, సెంటరు పెట్టుకోవచ్చు’ అని చెప్పే ప్రకటన ఏదైనా విద్యార్థిని జైలు దారి పట్టించే ప్రకటనే.

ఎమ్మారై పరిస్థితి వేరు. అందులో ఎక్స్‌కిరణాల వంటి అయనీకరణ రేడియేషన్ లేదు కనుక అణుశక్తి మండలి నియంత్రణ దానికి వర్తించదు. అయస్కాంతం మాత్రం పగలూ రాత్రీ, మిషన్ వాడనప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఎమ్మారై గదిలోకి వెళ్లిన రోగి బంధువు ప్రాణాలు కోల్పోయాడు. బల్లలు, సిలిండర్లు, స్ట్రెచర్లు, పేస్‌మేకర్లు, శరీరంలోని పాత ఇంప్లాంట్లు, వీటన్నిటినీ తలుపు దగ్గర ఆపవలసిన వ్యక్తి టెక్నాలజిస్టు. రేడియేషన్ లేదు కాబట్టి సురక్షితం అని సాధారణంగా అనుకునే గదిలోనే బయటి తనిఖీ తక్కువగా, సిబ్బంది శిక్షణ మీద ఆధారపడటం ఎక్కువగా ఉంది. ఇది సరిదిద్దవలసిన లోపం.

వీటిలో ఏదీ టెక్నాలజిస్టును ఒక వృత్తి నిపుణుడిగా గుర్తించి నమోదు చేయలేదు. డాక్టర్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు ఉన్నటువంటి జాతీయ కౌన్సిల్ వీరికి ఉండేది కాదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం ఆ ఖాళీని పూరించింది. అమలు నత్తనడకన సాగడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, కేంద్రం, రాష్ట్రాలు రెండు నెలల్లో చట్టాన్ని అమలు చేయాలని ఆదేశించింది. కమిషన్ 2025లో రేడియాలజీ ఇమేజింగ్, రేడియోథెరపీ సహా పలు వృత్తులకు దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళికను విడుదల చేసింది.

సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ

కొత్త చట్టం చదువును సంవత్సరాలతోపాటు గంటల్లోనూ కొలుస్తుంది. ‘అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్’ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు, ‘హెల్త్‌కేర్ ప్రొఫెషనల్’ అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలి. ఆరు నెలల సర్టిఫికెట్ ఈ రెండు గీతల్లో దేన్నీ తాకదు.

ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల డిప్లొమాలు పారామెడికల్ బోర్డు వ్యవస్థ ద్వారా నడుస్తూ వచ్చాయి. ఇమేజింగ్‌కు డీఎమ్మైటీ (మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమా), క్యాన్సర్ చికిత్సకు రేడియోథెరపీ డిప్లొమా ఉన్నాయి. ప్రవేశాల్లో బైపీసీ వారికి ముందు ప్రాధాన్యం ఉంటుంది. డిగ్రీ స్థాయి పారామెడికల్ కోర్సులు విజయవాడ కేంద్రంగా 1986లో ఏర్పడిన డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. డార్క్‌రూమ్ అసిస్టెంట్ అనే పాత సర్టిఫికెట్ కోర్సు కథ ఇక్కడ గమనించదగినది. ఫిల్ము కడిగే పనే దాని ఆధారం. ఫిల్ము పోయాక ఆ సర్టిఫికెట్‌తో మిగిలిన నైపుణ్యం ఏమీ లేకపోయింది. ఒకే మిషన్‌కు, ఒకే పనికి కట్టుబడిన శిక్షణకు ఆయుష్షు ఆ మిషన్ ఉన్నంతవరకే.

దూరవిద్య విషయంలో అనుమానానికి తావులేదు. ఈ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నిర్వహించకూడదని యూజీసీ 2025 జులై–ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి స్పష్టం చేసింది. వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరుతో, పరీక్షలకు మాత్రమే వెళ్తే చాలని చెప్పే కోర్సులు ఇప్పటికీ ఇక్కడ అమ్ముడవుతుంటే, కొన్న కుటుంబం డబ్బుతోపాటు బిడ్డ రెండు మూడేళ్ల కాలాన్ని కూడా కోల్పోతుంది.

గుర్తింపు ఉన్న కళాశాలల్లోనూ తేడాలు ఉంటాయి. తరగతి గదిలో చెప్పే పాఠం అన్నిచోట్లా దాదాపు ఒకటే కనుక, విడదీసేది ఆసుపత్రి శిక్షణే. కళాశాలకు సొంత ఆసుపత్రి ఉందా, లేకపోతే ఏ ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం ఉంది, అక్కడ సీటీ, ఎమ్మారై రెండూ ఉన్నాయా, విద్యార్థికి బ్యాడ్జి ఇస్తారా, ఆ ఏడాది ప్రవేశాలకు అనుమతి పత్రం చూపగలరా అన్నవి ఫీజు కట్టకముందే అడగాలి. గుంటూరు, విజయవాడ సర్వజనాసుపత్రుల వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒక్క రోజులో కనిపించే రోగుల వైవిధ్యం చిన్న సెంటరులో నెల రోజులకూ కనిపించదు. మంగళగిరి ఎయిమ్స్ రెండు నగరాల మధ్యనే ఉండటం ఈ ప్రాంత విద్యార్థులకు మరో అనుకూలత.

జీతం ఎందుకు తక్కువగా మొదలవుతుంది

ప్రైవేటు స్కానింగ్ సెంటర్లలో డిప్లొమాతో చేరినవారి తొలి జీతం చదువుకు, బాధ్యతకు తగినంత ఉండదు. దీనికి విద్యార్థుల సంఖ్య ఒక్కటే కారణం కాదు. జాతీయ రిజిస్టరు లేనంతకాలం, అర్హత ఉన్నవారికీ సెంటరులో హెల్పరుగా చేరి చూసి నేర్చుకున్నవారికీ మధ్య ఆచరణలో గట్టి గీత లేదు. యజమాని తక్కువ జీతానికి దొరికే వ్యక్తిని ఎంచుకుంటే పట్టుకునే యంత్రాంగం బలహీనం. అదే పోటీ అర్హత ఉన్నవారి జీతాన్ని కిందికి లాగింది. రిజిస్ట్రేషన్ కచ్చితంగా అమలైతే ఈ ఒత్తిడి కొంత తగ్గుతుంది. అమలు కాగితాలకే పరిమితమైతే జీతాల్లో మార్పును ఆశించలేము.

ప్రభుత్వ రంగంలో లెక్క స్పష్టంగా ఉంటుంది. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుల 2024 పారామెడికల్ నోటిఫికేషన్‌లో రేడియోగ్రాఫర్ పోస్టు ఏడో వేతన సంఘం లెవెల్ 5లో, 29,200 రూపాయల మూల వేతనంతో ఉంది. రైల్వే ఆసుపత్రి ఉన్న విజయవాడలో ఈ నోటిఫికేషన్ల మీద ఆసక్తి సహజం. రాష్ట్ర ఆసుపత్రుల్లో జిల్లా ఎంపిక కమిటీల ద్వారా కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ నియామకాలు జరుగుతుంటాయి. చేసే పని రెగ్యులర్ ఉద్యోగి చేసేదే, భద్రతే వేరు.

ఏఐ వచ్చాక

చిత్రాన్ని చదివే సాఫ్ట్‌వేరు రేడియాలజిస్టుల గురించి ఎక్కువ చర్చ రేపింది కానీ, టెక్నాలజిస్టుల పని మీద దాని ప్రభావం వేరే దిశలో ఉంది. క్షయ నిర్ధారణ కోసం 15 ఏళ్లు పైబడినవారి ఛాతీ ఎక్స్‌రేలను సాఫ్ట్‌వేరుతో చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. 2024 డిసెంబరు 7న దేశంలో మొదలైన వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలను ఊళ్లలోకి తీసుకెళ్లారు. చదివే పని యంత్రానికి వెళ్లింది. తీసే పని మాత్రం సీసపు గోడలు లేని పంచాయతీ కార్యాలయానికో బడి వరండాకో చేరింది. అక్కడ కిరణం ఏ దిక్కుకు పోతోంది, చుట్టూ ఎవరు నిలబడ్డారు, ఎంత దూరంలో ఉన్నారు అన్నది చూసుకోవలసింది యంత్రం పట్టుకున్న మనిషే.

టెలీరేడియాలజీ కూడా ఇదే మార్పును తెచ్చింది. చిన్న పట్టణంలో రాత్రి తీసిన సీటీని మరో నగరంలోని రేడియాలజిస్టు చదువుతారు. రోగి పక్కన ఉన్న ఇమేజింగ్ నిపుణుడు టెక్నాలజిస్టు ఒక్కడే. కాంట్రాస్ట్ రియాక్షన్ వస్తే గుర్తించవలసింది, మెదడులో రక్తస్రావం కనిపిస్తే వెంటనే ఫోను చేయవలసింది అతడే. రోగిని సరైన భంగిమలో ఉంచే పొజిషనింగ్‌ను కెమెరాలు సరిచేస్తున్నాయి, ఎమ్మారై సమయాన్ని సాఫ్ట్‌వేరు తగ్గిస్తోంది. మిగిలిన ఆ సమయాన్ని యాజమాన్యాలు మరో ఇద్దరు రోగులకు కేటాయిస్తున్నాయంటే, ఎమ్మారైకి ముందు అడగవలసిన ఇంప్లాంట్ల ప్రశ్నలకు వ్యవధి తగ్గుతున్నట్లే. పని పోతుందన్న భయం కంటే ఈ తొందర వల్ల వచ్చే ప్రమాదమే దగ్గరలో ఉంది.

విదేశాలకు వెళ్లాలనుకునేవారికి

బ్రిటన్‌లో ‘రేడియోగ్రాఫర్’ అనే హోదాకు చట్టరక్షణ ఉంది. ఆరోగ్య వృత్తుల నమోదు సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు కానివారు ఆ పేరు వాడకూడదు. అక్కడ అదనపు శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లు ఎక్స్‌రేలకు రిపోర్టులు కూడా రాస్తారు. మన దగ్గర ఆ అధికారం రేడియాలజిస్టులదే. అమెరికాలో టెక్నాలజిస్టులకు ధ్రువీకరణ ఇచ్చే ఏఆర్ఆర్టీ అనే సంస్థ పరీక్షకు ఆ సంస్థ గుర్తించిన కళాశాలలోనే చదివి ఉండాలి కనుక ఇక్కడి డిగ్రీతో నేరుగా రాయడం సాధారణంగా కుదరదు. గల్ఫ్ దేశాలు సర్టిఫికెట్ల ధ్రువీకరణ, అనుభవం, లైసెన్సు పరీక్ష అడుగుతాయి. అక్కడ డిప్లొమా ఉన్నవారికి కొంత అవకాశం ఉన్నా, బ్రిటన్, ఆస్ట్రేలియాలకు డిగ్రీ లేకుండా దారి దాదాపు మూసుకుపోయినట్లే.

ఈ దేశాల నమోదు సంస్థలు మార్కుల జాబితాతో సరిపెట్టుకోవు. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారు, ఏ ఆసుపత్రిలో ఏ మిషన్ మీద ఎన్ని గంటల శిక్షణ పొందారు అన్నది కళాశాల ముద్రతో సహా కావాలంటాయి. కళాశాల మూతపడినా, ప్రిన్సిపాల్ మారినా, పాత సిలబస్ దొరకకపోయినా ఆ పత్రం తెచ్చుకోవడం ఎంతో కష్టం. అందువల్ల లాగ్‌బుక్‌ను మొదటి ఏడాది నుంచే రాసుకుని, ఏటా సంతకాలు చేయించుకుని, చివరి పరీక్షల తర్వాత కళాశాల వదిలేలోపే సిలబస్ ప్రతిని, క్లినికల్ గంటల ధ్రువపత్రాన్ని, టీఎల్‌డీ రికార్డును తీసుకోవాలి.